పాలను మాత్రమే కాదు, పాలు తగిలే గోడల్నీ పరీక్షించండి: పాల సంఘాలకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాల ఉత్పత్తిదారుల సంఘాల అధ్యక్షులకు, పాలకవర్గ సభ్యులకు, డెయిరీల మేనేజింగ్ డైరెక్టర్లకు, రెండు రాష్ట్రాల ఆహార భద్రతా కమిషనర్లకు

నమస్కారం.

పాల ప్రయోగశాలల్లో పనిచేసి, తర్వాత అదే పని విద్యార్థులకు నేర్పినదాన్ని. మీ కేంద్రాల్లో రోజూ రెండు పూటలా వెన్న శాతం చూస్తారు, ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాక పాలలో ఉండే ఘనపదార్థం) చూస్తారు. నీళ్లు కలిపారా, యూరియా కలిపారా, చక్కెర కలిపారా అని చూస్తారు. ట్యాంకర్ డెయిరీ గేటు దాటగానే కాసిని పాలు మరిగించి విరుగుతాయేమో చూస్తారు. ఇవన్నీ పాలకు చేసే పరీక్షలు. ఆ పాలు దాటి వచ్చిన క్యాను మెడ లోపలి అంచునీ, కూలర్ అడుగున ఉన్న వాల్వునీ, ట్యాంకర్ రబ్బరు గొట్టాన్నీ, పైపుల మధ్య కారకుండా బిగించే రబ్బరు గ్యాస్కెట్‌నీ ఎవరు పరీక్షిస్తున్నారు? నేను చూసిన చాలా చోట్ల ఎవరూ లేరు. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

స్టీలుకు పాలు తగిలిన కాసేపటికే పాలలోని ప్రోటీన్లు, కొవ్వు, కాల్షియం లవణాలు కంటికి ఆనని పూతలా దానికి అంటుకుంటాయి. బ్యాక్టీరియా వచ్చి ఆ పూత మీద వాలుతుంది. మొదట్లో దాని పట్టు వదులుగానే ఉంటుంది, నీళ్లు వేగంగా పారితే కొట్టుకుపోతుంది. కొన్ని గంటలు వదిలేశామా, తన చుట్టూ తానే జిగురు ఊరించుకుంటుంది. పాలీశాకరైడ్లు, ప్రోటీన్లు, పగిలిపోయిన కణాల నుంచి బయటపడ్డ డీఎన్ఏ కలిసిన జిగురు అది. దాని లోపల ఒకే జాతి కాక నాలుగైదు జాతులు కలిసి కాపురం పెడతాయి. దాన్నే బయోఫిల్మ్ అంటాం. బావి మెట్ల మీద పాచి పడితే ఎన్ని బిందెల నీళ్లు గుమ్మరించినా పోదు, చీపురుతో గీకాల్సిందే. ఇదీ అంతే, కాకపోతే కంటికి కనిపించదు.

బ్లీచింగ్ పౌడర్ నీళ్లు పోశాం కదా అంటారు. క్లోరిన్‌కు జిగురు తగిలితే దాని శక్తి జిగురు మీదే ఖర్చయిపోతుంది. పైపొర చస్తుంది, కింద ఉన్నవి మిగులుతాయి. నీళ్లలో విడిగా తేలే బ్యాక్టీరియాను చంపే మోతాదుకు కొన్ని వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్ల దాకా పోసినా బయోఫిల్మ్‌లో ఉన్నవి తట్టుకోగలవని ప్రయోగశాలల్లో తేలింది. మురికి వదిలించకుండా మందు పోస్తే మందు వృథా. అంతకన్నా చెడ్డ సంగతి, శుభ్రమైందన్న భ్రమ మనకు మిగులుతుంది.

ఊరూరా పాలను చల్లబరిచి నిల్వ ఉంచే బల్క్ కూలర్లు వచ్చాక పాలు విరగడం బాగా తగ్గింది. అది మీరు సాధించిన మంచి మార్పే. కానీ 4 డిగ్రీల చలి బ్యాక్టీరియాను చంపదు, జోరు తగ్గిస్తుంది. పాలను పులియబెట్టే బ్యాక్టీరియా చలికి ముడుచుకుంటే, చలిని ఓర్చుకునే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా రాజ్యం మొదలవుతుంది. కూలర్ గోడకూ, వాల్వు సందుకూ అంటుకుని బయోఫిల్మ్ కట్టడంలో దాన్ని మించింది లేదు. డెయిరీలో పాలు కాచే పాశ్చరైజర్‌లో అది చస్తుంది. కానీ బతికుండగా వదిలిన ఎంజైములు 72 డిగ్రీల వేడికి చావవు, డబ్బా పాలకు పెట్టే ఇంకా ఎక్కువ వేడిని (యూహెచ్‌టీ) కూడా తట్టుకుంటాయి. పాలలోని ప్రోటీన్లనూ కొవ్వునూ అవి కోస్తూనే ఉంటాయి. గడువు తీరకముందే పాలు చేదెక్కాయనీ, డబ్బా పాలు గడ్డలు కట్టాయనీ వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటి మూలం పది రోజుల కింద ఏదో ఊరి కూలర్ వాల్వులో ఉంటుంది. డెయిరీలో ఎంత వెతికినా దొరకదు.

ఇంతవరకూ చెప్పింది రుచికీ డబ్బుకీ సంబంధించిన నష్టం. ప్రాణాలకు సంబంధించింది వేరే ఉంది.

2007లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, వూస్టర్ ప్రాంతంలో ఒక చిన్న డెయిరీ పాలు తాగి 5 మందికి లిస్టీరియా అనే బ్యాక్టీరియా సోకింది. ముగ్గురు చనిపోయారు. అధికారులు వెళ్లి చూస్తే పాశ్చరైజర్ సరిగ్గానే పనిచేస్తోంది. కాగే పాలు కాగుతూనే ఉన్నాయి. పాశ్చరైజర్ దాటాక, సీసాల్లోకి వెళ్లే లోపు, డెయిరీ ఆవరణలో స్థిరపడిన లిస్టీరియా వాటిలో కలిసింది. మరుసటి ఏడాది ఆ డెయిరీ మూతపడింది. 2015లో అమెరికాలోనే బ్లూ బెల్ అనే కంపెనీ ఐస్‌క్రీమ్‌లో లిస్టీరియా దొరికిన సంగతి ఇంకా భయం పుట్టిస్తుంది. నాలుగు రాష్ట్రాల్లో 10 మంది జబ్బుపడ్డారు, ముగ్గురు పోయారు. ఆ ముగ్గురూ కాన్సస్‌లో వేరే జబ్బులతో ఆస్పత్రిలో చేరిన రోగులు. బ్యాక్టీరియా జన్యు గుర్తులు పోల్చి చూస్తే, ఆ పది కేసుల్లో కొన్ని 2010 నాటివని తేలింది. ఏళ్ల తరబడి అది ఆ ఫ్యాక్టరీల్లోనే ఉంది. 2020లో కంపెనీ 1 కోటీ 72 లక్షల 50 వేల డాలర్ల జరిమానా కట్టింది. అంతటి కంపెనీలోనే అది ఏళ్లపాటు ఉండగలిగిందంటే మన డెయిరీల్లో లేదని ధైర్యంగా ఎలా చెప్పగలం?

లిస్టీరియా ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు జ్వరంతోనో విరేచనాలతోనో పోవచ్చు. గర్భిణికి సోకితే ఆమెకు ఒళ్లునొప్పులే తెలుస్తాయి, కడుపులో బిడ్డ పోవచ్చు. వృద్ధుల్లో, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో రక్తానికీ మెదడుకూ పాకితే ప్రతి నలుగురైదుగురిలో ఒకరిని చంపుతుంది. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు రోజూ 200 మిల్లీలీటర్ల పాలు ఇవ్వాలని పెట్టుకున్నాం. ఎవరికి బలం రావాలని ఇస్తున్నామో వాళ్లకే ఈ బ్యాక్టీరియాతో ఎక్కువ ముప్పు.

మన ఇళ్లలో ప్యాకెట్ కత్తిరించగానే గిన్నెలో పోసి పొంగు రానిచ్చే అలవాటుంది. ఆ అలవాటు మనల్ని ఎంత కాపాడుతోందో చాలామందికి తెలియదు, అది పోకూడదు. అయితే మీ సంఘాలు ఇప్పుడు పాలు మాత్రమే అమ్మడం లేదు. పనీర్, లస్సీ, మజ్జిగ ప్యాకెట్లు, ఫ్లేవర్డ్ మిల్క్, ఐస్‌క్రీమ్, దూద్‌పేడా, కోవా అమ్ముతున్నారు. వీటిని ఎవరూ ఇంటికి తెచ్చుకుని మరిగించరు. వ్యాపారం ఎటు పెరుగుతోందో జాగ్రత్తా అటే పెరగాలి.

2018లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దేశమంతటా పాల సర్వే చేసింది. 6,432 నమూనాల్లో ప్రాణానికి చేటు చేసే కల్తీ దొరికింది 12 నమూనాల్లో. ఆ 12లో 9 తెలంగాణవే కాబట్టి కల్తీ మీద నిఘా తగ్గించమని నేను అనను. కానీ కల్తీ దొరికితే పేపర్లో ఫొటో వస్తుంది, వాల్వులో జిగురు దొరికితే రాదు. మన శ్రద్ధంతా ఫొటో వచ్చే వైపే పోతోంది.

నేను పనిచేసిన ఒక డెయిరీలో ప్యాకెట్ పాలు రెండో రోజుకే వాసన వస్తున్నాయని ఏజెంట్లు గోల పెట్టారు. పాశ్చరైజర్ చార్టు చూస్తే గీత ఎక్కడా తప్పలేదు. పాశ్చరైజర్ దగ్గర తీసిన పాలు బాగున్నాయి, ప్యాకెట్లో పాలు బాగాలేవు. రెండింటి మధ్య ఉన్న పైపును జాయింటు జాయింటుగా విప్పుకుంటూ పోయాం. ఎప్పుడో తీసేసిన పాత లైనుది మూరెడు ముక్క ఒకటి మిగిలిపోయి ఉంది. చివర మూత బిగించి వదిలేశారు. పాలు దాంట్లోకి వెళ్తాయి, కడిగే నీళ్లు వెళ్లి తిరగవు. మూత విప్పితే వేలికి సాగే పసుపుపచ్చ జిగురు. రోజూ పొద్దున మొదటి వెయ్యి లీటర్లూ దాన్ని తాకుతూ ప్యాకెట్లలోకి పోతున్నాయి. ఆ ముక్క కోసేసి వెల్డింగ్ చేయించాక ఫిర్యాదులు ఆగాయి. మందు మార్చలేదు, కొత్త మిషను కొనలేదు.

ఇలాంటి మొండి చివరలు పైపు వెడల్పుకు రెండింతలకు మించి పొడవు ఉండకూడదన్నది డెయిరీ ఇంజినీర్లందరికీ తెలిసిన లెక్క. రెండు అంగుళాల పైపుకు నాలుగు అంగుళాలు. ఏటా లైన్లు పెంచుతూ, మారుస్తూ పోయిన మన పాత డెయిరీల్లో ఎన్ని మూరెడు ముక్కలు మిగిలాయో ఒక్కసారి లెక్కపెట్టించండి. గ్యాస్కెట్లదీ అదే కథ. రబ్బరు పగుళ్లిచ్చిందంటే ఆ పగులులోకి బ్రష్షూ పోదు, మందూ పోదు. కారుతోంటేనే మార్చే పద్ధతి ఆపి, కారకపోయినా గడువు పెట్టి మార్చే పద్ధతి తేవాలి.

కడగడం గురించి కొంచెం వివరంగా రాస్తాను. తెలిసిందే కదా అనుకోకండి, తెలిసిన చోటే తప్పులు జరుగుతున్నాయి. పాలు ఖాళీ అయిన వెంటనే మొదటి నీళ్లు పోవాలి, గోరువెచ్చగా ఉండాలి. సలసల కాగే నీళ్లు ముందే పోస్తే ప్రోటీన్ ఉడికి గోడకు అతుక్కుంటుంది. ఆ తర్వాతే కాస్టిక్ సోడా ద్రావణం: ఒకటి నుంచి ఒకటిన్నర శాతం, 70 డిగ్రీలకు తగ్గని వేడి, పైపులో సెకనుకు కనీసం 1.5 మీటర్ల వేగం. వేగం తగ్గితే పైపు పైభాగం తడవదు, జిగురు కదలదు. కాస్టిక్ కొవ్వునూ ప్రోటీన్‌నూ తీస్తుంది గానీ లవణాల పొరను తీయదు. దానికి నైట్రిక్ యాసిడ్ కావాలి. ఉప్పునీటి బోర్లున్న మన మెట్ట ప్రాంతాల్లో యాసిడ్ కడుగుడు వారానికోసారి అని వాయిదా వేస్తే తెల్లటి పొర పేరుకుంటుంది, గరుకు పెరుగుతుంది, బ్యాక్టీరియాకు పట్టు దొరుకుతుంది. ఇదంతా అయ్యాకే చివరగా క్రిమిసంహారకం. యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపనివ్వకండి. కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, కడిగే మనిషి ఊపిరితిత్తులు కాలిపోతాయి.

ఊరి కేంద్రాల్లో క్యాన్లకు ఈ పద్ధతి పనికిరాదు. అల్యూమినియం క్యానుకు కాస్టిక్ పెడితే లోహాన్నే తినేస్తుంది, గుంటలు పడతాయి. అల్యూమినియాన్ని తినని తేలికపాటి మందు వాడాలి. స్టీలు పీచుతో రుద్దితే తళతళలాడుతుంది కానీ గీతలు పడతాయి, ప్రతి గీతా బ్యాక్టీరియాకు ఒక గూడు. నైలాన్ బ్రష్ ఇవ్వండి. కడిగాక క్యాను నేల మీద కాకుండా స్టాండు మీద, నోరు కిందికి ఉండేలా బోర్లించి ఆరబెట్టాలి. తడి లేని చోట బయోఫిల్మ్ పెరగదు. పాలదుత్త కడిగి ఎండలో బోర్లించిన మన పెద్దవాళ్లు చేసింది ఇదే. మూత వేసి తడి క్యానును సాయంత్రం దాకా ఉంచడానికీ, అసలు కడగకుండా ఉంచడానికీ పెద్ద తేడా ఏమీ లేదు.

ఇప్పుడు అసలు అడగాల్సింది అడుగుతాను. కూలర్ ఉన్న ప్రతి కేంద్రానికీ వేడినీళ్లు ఇవ్వండి. లక్షలు పోసి కూలర్ కొన్నారు, కరెంటు పోతే ఆగకుండా జనరేటర్ కొన్నారు, నీళ్లు కాచుకునే సదుపాయం మాత్రం పెట్టలేదు. చన్నీళ్లతో కొవ్వు వదలదు, ఎంత ఓపికమంతుడు రుద్దినా వదలదు. ఎండకు కొదవలేని మన ఊళ్లలో సోలార్ హీటర్ పెట్టడం సంఘానికి భారం కాదు. కూలర్ పాలను చల్లబరిచేటప్పుడు వదిలే వేడితోనే నీళ్లు వేడిచేసే పరికరాలు కూడా ఉన్నాయి.

రెండోది, కడిగే మనిషి. చాలా కేంద్రాల్లో ఆ పని చేసేవాళ్లకు జీతం అందరికన్నా తక్కువ, పేరు రిజిస్టర్లో ఉండదు, చేతికి గ్లవుసులు ఉండవు. ట్యాంకర్ ఆలస్యమైతే వాళ్ల కడిగే సమయమే కోత పడుతుంది. సంఘం మొత్తం పరువు ఆ మనిషి చేతిలో పెట్టి, ఆ మనిషికి తీరిక లేకుండా చేస్తున్నాం. జీతం పెంచండి, కళ్లద్దాలు, గ్లవుసులు, బూట్లు ఇవ్వండి, మందు డబ్బా మీద తెలుగులో మోతాదు రాయించండి. డెయిరీలో కూడా అంతే. పాశ్చరైజర్‌ను ఎనిమిది, పది గంటలు దాటి ఆపకుండా నడిపితే వేడి పాలు చల్లని పాలతో వేడి పంచుకునే ప్లేట్ల మీద వేడిని ఓర్చుకునే బ్యాక్టీరియా పెరిగి పాలలోకి రాలుతుంది. పండగ సీజన్లో ఇంకో రెండు గంటలు నడిపిద్దామని ప్రొడక్షన్ వాళ్లు అడిగినప్పుడు కాదనే అధికారం క్వాలిటీ వాళ్లకు ఉండాలి. ఆ మాట రాతలో ఉండాలి.

మూడోది ధర. వెన్నకు డబ్బులిస్తున్నారు, ఎస్ఎన్ఎఫ్‌కు డబ్బులిస్తున్నారు, శుభ్రతకు ఇవ్వడం లేదు. యూరప్‌లో పచ్చి ఆవుపాలలో మిల్లీలీటరుకు లక్షకు మించి బ్యాక్టీరియా ఉండకూడదన్నది చట్టం. మన పాత ప్రమాణాల్లో 2 లక్షల లోపు ఉంటే చాలా మంచివి, 50 లక్షలు దాటితే నాసిరకం. ఒక్కో రైతు పాలకు ఈ లెక్క కట్టడం ఇప్పుడే కుదరదు, ఒప్పుకుంటాను. కానీ ఒక్కో కూలర్‌కు కట్టొచ్చు. పాలలో నీలం రంగు కలిపి అది ఎంతసేపట్లో పోతుందో చూసే మిథిలీన్ బ్లూ పరీక్షకు పెద్ద ఖర్చు లేదు. నీలం రంగు ఐదు గంటలు నిలిచిందంటే ఆ ఊరి పాలు చాలా బాగున్నట్టు, అరగంటలో వెలిసిపోయిందంటే క్యాన్లూ కూలరూ విప్పి చూడాలన్నట్టు. నెలంతా బాగున్న కేంద్రానికి లీటరుకు ఇంత అని బోనస్ ప్రకటించండి. ఊళ్లో రైతులే కడిగే మనిషికి వేడినీళ్లు కాచి ఇస్తారు.

ఆహార భద్రతా కమిషనర్లకు నా మనవి ఒక్కటే. 2011 లైసెన్సింగ్ నిబంధనల నాలుగో షెడ్యూల్లో పాల ఉత్పత్తులకు విడిగా ఒక భాగమే ఉంది. దాని ప్రకారం తనిఖీకి వెళ్లే అధికారి లైసెన్సు కాగితం చూసి, ప్యాకెట్ నమూనా తీసుకుని వచ్చేస్తున్నారు. చేతికి ఒక స్పానరూ ఒక టార్చి లైటూ ఇచ్చి పంపండి. తమకు నచ్చిన ఒక వాల్వు, ఒక గ్యాస్కెట్ విప్పించి చూడమనండి. అక్కడే దూదిపుల్లతో తుడిచి నమూనా (స్వాబ్) తీసుకోమనండి. ఏటీపీ మీటరు పెడితే నిమిషం లోపే ఉపరితలం శుభ్రంగా ఉందో లేదో అంకె చూపిస్తుంది. ఆ మీటరు లిస్టీరియా ఉందో లేదో చెప్పదు, దానికి ప్రయోగశాలలో బ్యాక్టీరియాను పెంచి చూడాలి (కల్చర్), కానీ ఎక్కడ వెతకాలో చెబుతుంది. నేల మీద మురుగు కాలువల్ని మర్చిపోవద్దని కూడా చెప్పండి. లిస్టీరియాకు ఇష్టమైన ఇల్లు అదే. దాన్ని ప్రెషర్ పైపుతో కొడితే తుంపరలతో పాటు బ్యాక్టీరియా లేచి మిషన్ల మీద పడుతుంది.

ఒక డెయిరీ తన సొంత స్వాబులో లిస్టీరియా కనుక్కుని, లైను ఆపి, సరిచేసుకుంటే ఆ డెయిరీని శిక్షించకండి. వెతికినవాడికి జరిమానా, వెతకనివాడికి సర్టిఫికెట్ అయితే రేపటి నుంచి ఎవరూ వెతకరు.

కొత్త మందుల గురించి అడుగుతారని తెలుసు. లిస్టీరియాను తినే ఫాజ్ వైరస్‌లను మాంసాహారం మీద చల్లడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లోనే అనుమతించింది. జిగురును కోసే ఎంజైములు వచ్చాయి, బ్యాక్టీరియా అంటుకోని పూతలంటూ ఏజెంట్లు తిరుగుతున్నారు. కొన్ని మంచివే. కానీ వేడినీళ్లు లేని కేంద్రానికి ఎంజైము కొనడం అనవసరం. మొండి పైపు కోయించండి, గ్యాస్కెట్ మార్పించండి, బ్రష్ కొనండి, ఆ తర్వాత మిగిలిన సమస్యకు ఈ మందుల గురించి మాట్లాడుకుందాం.

ఈ ఎండాకాలం లోపు మొదలుపెట్టగలిగే పని ఒకటి ఉంది. ప్రతి సంఘం పది కూలర్ కేంద్రాలను ఎంచుకోవాలి, బాగున్నవే కాదు, ఫిర్యాదులున్నవి కూడా. కామారెడ్డి, తిరుపతి డెయిరీ టెక్నాలజీ కళాశాలల విద్యార్థులను వారి అధ్యాపకులతో పాటు పిలిచి, ఒక్కో కేంద్రంలో క్యాను మెడ, మూత రబ్బరు, కూలర్ వాల్వు, ట్యాంకర్ గొట్టం, ఈ నాలుగు చోట్ల స్వాబులు తీయించాలి. ఒక నెల వేడినీళ్లతో, సరైన వరుసలో కడిగించి మళ్లీ తీయించాలి. ముందూ తర్వాతా వచ్చిన ఆ అంకెల పట్టికను పాలకవర్గ సమావేశంలో లాభనష్టాల లెక్కతో పాటు చదివించాలి. కడిగేవాళ్లకు శిక్షణ ఇవ్వడానికి ఏ సంఘం పిలిచినా, ఏ ఊరైనా, సొంత ఖర్చుతో వస్తాను.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

భవదీయురాలు,
ఒక పాల మైక్రోబయాలజిస్టు